అడ్వాన్సులో కోత: ఒక నెల అద్దె కాదు, జరిగిన నష్టం ఎంతో అంతే

బెంగళూరు మారతహళ్లి దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాటు ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. అద్దె 30,000, అడ్వాన్సు 1,50,000. భార్యాభర్తలు, ఒక బాబు 26 నెలలు ఉండి ఖాళీ చేశారు. తాళాలు ఇచ్చిన వారానికి ఖాతాలో 1,05,000 పడ్డాయి. మిగతా 45,000 సంగతి అడిగితే ఓనరు ఫోనులో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పెయింటింగ్‌కి ఒక నెల అద్దె, క్లీనింగ్‌కి 5,000, చిన్నాచితకా రిపేర్లకి 10,000. బిల్లు లేదు, ఫొటో లేదు. "బెంగళూరులో అందరూ ఇంతే" అన్న మాట మాత్రం ఉంటుంది.

ఈ 45,000లో న్యాయంగా కోయదగ్గది ఎంతో ఇక్కడ లెక్క కట్టి చూపిస్తాను. ఆ లెక్క ఓనరు వేసినా, అద్దెకున్నవాళ్లు వేసినా ఒకటే. అడ్వాన్సు ఓనరు దగ్గర ఉన్నా, అది అద్దెకున్నవాళ్ల సొమ్ము. బకాయిలు పోగా అందులోంచి తీసుకోవలసింది వాళ్లవల్ల జరిగిన నష్టం మాత్రమే. ఆ నష్టాన్ని కూడా వస్తువు కొత్తప్పటి ధరతో కాదు, పాడయ్యేనాటికి దానికి ఎంత విలువ మిగిలి ఉందో దానితో లెక్కకట్టాలి. మిగతా వివరాలన్నీ ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి.

ముందు చట్టం గురించి వాట్సాప్‌లో తిరిగే ఒక మాట సరిచేయాలి. రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని 2021లో చట్టం వచ్చేసిందంటారు. అది కేంద్రం తయారుచేసిన నమూనా అద్దె చట్టం. ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. తమిళనాడుకి 2017 నాటి సొంత చట్టం ఉంది. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దె వరకే డిపాజిట్, ఖాళీ చేసిన నెలలోపు వాపసు అని అందులో ఉంది. చెన్నైలో ఉన్న బావగారు చెప్పారని బెంగళూరు ఓనరుని అదే అడిగితే కుదరదు. కర్ణాటక 1999 అద్దె చట్టమేమో నెలకి 3,500 దాటిన బెంగళూరు ఇళ్లకి వర్తించదు. అంటే ఇవాళ మనం అద్దెకుంటున్న ఫ్లాట్లు దాదాపు అన్నీ దాని బయటే. ఇక మనకి ఆధారం అగ్రిమెంటులో రాసుకున్న షరతులు, వాటి వెనక 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం.

ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చెప్పేది సులువుగానే అర్థమవుతుంది. ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తిరిగి అప్పగించాలి, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి మాత్రం మినహాయింపు. అప్పగింతనాడు ఇల్లు ఎలా ఉందో ఎవరి దగ్గరా ఆధారం లేకపోతే ఈ వాక్యానికి అర్థమే లేదు. గొడవలు మొదలయ్యేది ఇక్కడే. మన తెలుగువాళ్ల మధ్య ఇది ఇంకా ఎక్కువ. ఓనరుదీ చిత్తూరు వైపే, వచ్చినవాళ్లదీ కడపే అయితే "మనవాళ్లే కదండీ, కాగితాలెందుకు" అనుకుంటారు. రెండేళ్ల తర్వాత హాల్లో గోడ మీది మరక ఎప్పటిదో ఇద్దరికీ గుర్తుండదు. మనవాళ్లైతేనే కాగితం ఎక్కువ అవసరం, చుట్టరికం చెడకుండా ఉంటుంది.

కాబట్టి పని మొదలయ్యేది చేరిన రోజునే. సామాను దించకముందు, పగటి వెలుతురులో, వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపు గోడ పట్టుకుని ఇల్లంతా తిరిగి రావాలి. ఆగకుండా ఒకే వీడియో, ఎనిమిది పది నిమిషాలు. ప్రతి గదిలో నాలుగు గోడలు, సీలింగు, నేల, కిటికీ, తలుపు వెనక భాగం. తలుపు వెనక భాగం చాలామంది మరిచిపోతారు. హ్యాంగర్ల కోసం కొట్టిన మేకులు, బొట్టుబిళ్లల జిగురు ఉండేది అక్కడే. పాడైన చోట రెండు ఫొటోలు తీయాలి. ఒకటి దూరం నుంచి, అది ఏ గదో తెలిసేలా. ఇంకొకటి దగ్గర నుంచి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి, పరిమాణం తెలిసేలా. మీటరు రీడింగ్ కూడా ఫొటో తీయాలి. ఇవన్నీ అదే రోజు ఓనరుకి వాట్సాప్‌లో పంపాలి. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, అందులోని తేదీ సమాచారం పోతుంది. అందుకని డాక్యుమెంటుగా పంపడం, లేదా ఒరిజినల్స్‌ని ఈమెయిల్ చేయడం మేలు. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబులైట్లు ఎన్ని, గీజరు ఏ కంపెనీ, గోడలకి రంగు ఎప్పుడు వేయించారు, తాళంచెవులు ఎన్ని, గేటు కార్డులు ఎన్ని అన్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. "రంగు ఎప్పుడు వేయించారు" అన్న ఒక్క గడి తర్వాత వేల రూపాయలు తేలుస్తుంది.

ఖాళీ చేసేటప్పుడు ఒకసారి కాదు, రెండుసార్లు చూడాలి. మొదటిది ఖాళీ చేయడానికి పది పదిహేను రోజుల ముందు. ఓనరు వచ్చి, తనకి అభ్యంతరం ఉన్నవి చెప్పాలి. దీనివల్ల అద్దెకున్నవాళ్లకి తమ ప్లంబరుతోనో, తెలిసిన పెయింటరుతోనో బాగుచేయించుకునే వీలుంటుంది. ఓనరు పిలిచే మనిషి 1,500 అడిగే పని మీ అపార్ట్‌మెంట్ ప్లంబరు 400కి చేయొచ్చు. రెండోది సామానంతా వెళ్లిపోయాక. అప్పుడు కళ్లతో చూడటం ఒక్కటే చాలదు, అన్నీ వాడి చూడాలి. ప్రతి స్విచ్చీ వేయాలి. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదలాలి, కింద బాటిల్ ట్రాప్ (సీసాలాంటి గొట్టం) కారుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఫ్లష్ రెండుసార్లు నొక్కాలి. గీజరు పదిహేను నిమిషాలు వేసి ఉంచాలి. కబోర్డులన్నీ తెరిచి, సొరుగులు లాగి చూడాలి. తాళాలు ఇచ్చాక "ఇంకొకటి కనిపించిందండీ" అనే ఫోన్లు రావడానికి ఈ పరీక్ష చేయకపోవడమే కారణం. రాత్రి ఎనిమిదింటికి, ప్యాకర్ల లారీ కింద నిలబడి ఉండగా, రెండు నిమిషాల్లో చుట్టేసే అప్పగింత ఇద్దరికీ నష్టమే.

ఇప్పుడు గోడల సంగతి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

ఒక నెల అద్దె పెయింటింగ్‌కి కోయడం బెంగళూరులో ఎంత పాతుకుపోయిందంటే దాన్ని నియమం అనుకుంటున్నారు. నియమం కాదు, అలవాటు. రంగు వెలిసిపోవడం, సోఫా వెనక గీత పడటం, స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరక, ఫ్రిజ్ వెనక నల్లటి నీడ, క్యాలెండరు మేకు రంధ్రం, ఇవన్నీ మనుషులు బతికిన ఇంట్లో ఉండేవే. అదే అరుగుదల. గోడలకి వేసే ఎమల్షన్ రంగు చవకరకం అయితే మూడేళ్లు, మంచిరకం అయితే నాలుగైదేళ్లు. ఆ తర్వాత ఎవరున్నా, ఎవరూ లేకపోయినా ఓనరు రంగు వేయించుకోవాల్సిందే. ఆ నమూనా చట్టంలో కూడా, తమిళనాడు చట్టంలో కూడా గోడలకి వెల్ల, తలుపులకీ కిటికీలకీ రంగు ఓనరు బాధ్యతల జాబితాలోనే ఉన్నాయి. కర్ణాటకలో అవి వర్తించకపోయినా, పద్ధతి ఎటువైపుందో అవి చెబుతున్నాయి.

అద్దెకున్నవాళ్ల మీద పడేది వేరే. పిల్లాడి గదిలో అంటించిన పెద్ద స్టిక్కర్లు పీకినప్పుడు రంగుతో పాటు పుట్టీ పెచ్చులుగా ఊడిరావడం, రెండువైపుల జిగురు టేపు పెట్టి షూ ర్యాక్ తగిలించి లాగేయడం, స్కెచ్ పెన్ను గీతలు, అనుమతి లేకుండా ఒక గోడకి ముదురు రంగు వేసుకోవడం, టీవీ బిగించడానికి నాలుగు చోట్ల తప్పి తప్పి డ్రిల్ చేసిన రంధ్రాలు. వీటికి డబ్బు అడగడం న్యాయం. అయితే ఎంత?

పెయింటరు ఏం చేస్తాడో చూస్తే లెక్క తెలుస్తుంది. ఊడిన చోట అంచులు గీకి, పుట్టీ పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమరు ఒక పూత, ఎమల్షన్ రెండు పూతలు వేస్తాడు. మచ్చ ఉన్నంత మేరకే రంగు కొడితే పాత రంగు పక్కన కొత్తది తేలిపోయి అతుకులా కనబడుతుంది, అదే డబ్బా రంగైనా సరే. అందుకే మూల నుంచి మూల దాకా ఆ గోడ మొత్తం వేయాలి. అంటే గోడ ఒక్కటి వేయించాలి, ఇల్లంతా కాదు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడకి రెండు పూతలు వేయడానికి ఒక లీటరు ఎమల్షన్ దాదాపు సరిపోతుంది. ఒక గోడ పాడైతే ఇరవై గోడల ఖర్చు అడగడం ఎక్కడ తప్పో దీంతో అర్థమవుతుంది.

మన ఉదాహరణలో రెండు గోడలు. పిల్లాడి గది గోడ, హాల్లో టీవీ గోడ. పెయింటరు మొత్తం 4,500 అడిగాడనుకుందాం. గీకి పుట్టీ పెట్టే పని 1,500, రంగు వేసే పని 3,000. పుట్టీ ఊడటం పూర్తిగా అద్దెకున్నవాళ్ల వల్లే, ఆ 1,500 మొత్తం వాళ్లదే. రంగు మాత్రం వాళ్లు చేరేముందు వేసింది, ఆయుష్షు 60 నెలలు అనుకుంటే 26 నెలలు అయిపోయింది, 34 మిగిలింది. 3,000ని 34తో గుణించి 60తో భాగిస్తే 1,700. మొత్తం 3,200. రంగు వేసి ఐదేళ్లు దాటి ఉంటే ఆ 1,700 సున్నా అయ్యేది. అడిగింది 30,000, తేలింది 3,200.

మరి అగ్రిమెంటులోనే "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కి" అని రాసి, మీరు సంతకం పెట్టి ఉంటే? అప్పుడు ఇంత తేలిక కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ఉల్లంఘించినందుకు ముందే ఒక మొత్తం రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించకుండా, సహేతుకమైన పరిహారం. అయితే అది జరిమానా కాదు, ముందే మాట్లాడుకున్న ఖర్చు అని ఓనరు వాదించొచ్చు, ఆ వాదనకీ బలముంది. సంతకం పెట్టేటప్పుడే మార్చించుకోవడం దీనికి అసలైన మందు. ఇలా రాసుకోవచ్చు: "గోడలకి రంగు వేసిన తేదీ ఫలానా. మామూలు అరుగుదలకి కోత లేదు. పాడుచేసిన గోడలకి మాత్రమే, బిల్లు ప్రకారం, రంగు వయసు తగ్గించి కోత." ఓనరు ససేమిరా అంటే కనీసం "నిజంగా రంగు వేయించి బిల్లు చూపిస్తేనే, బిల్లుకి మించకుండా, గరిష్ఠంగా ఒక నెల అద్దె" అని అయినా రాయించండి. పెయింటింగ్ డబ్బు తీసుకుని అవే గోడలతో కొత్తవాళ్లని దించడం తప్పు. దాన్ని తప్పు అని మొహం మీద చెప్పాలి. ఒక నెల అద్దె పెయింటింగ్‌కి తీసుకుని, మళ్లీ గోడల డ్యామేజీ అని ఇంకో పద్దు రాయడం కూడా అంతే, ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు.

గోడ మీద చెమ్మ వేరే కథ. వానాకాలంలో బయటి గోడ లోపలివైపు రంగు బుడగలొచ్చి, తెల్లటి ఉప్పు పొంగితే అది బయటి ప్లాస్టరు పగుళ్లదో, పై ఫ్లాటు బాత్రూముదో. అద్దెకున్నవాళ్లకి సంబంధం లేదు. వాళ్ల బాధ్యత ఒక్కటే, కనబడగానే ఓనరుకి రాతపూర్వకంగా చెప్పడం. నెలల తరబడి చూస్తూ ఊరుకుని, కబోర్డు వెనకంతా బూజు పట్టాక చెబితే అప్పుడు కొంత వాటా వాళ్ల మీద పడటం న్యాయమే.

తర్వాత నీళ్లు. బెంగళూరులో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు వాడే ఇళ్లల్లో కుళాయిల మీద తెల్లటి పొర, షవరు రంధ్రాలు మూసుకుపోవడం, బాత్రూం గాజు తలుపు మసకబారడం ఎంత తుడిచినా ఆగదు. 2024 వేసవిలో ట్యాంకర్లతో నెట్టుకొచ్చిన ఇళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పొర అరుగుదలే. కానీ ఖాళీ చేసేముందు "తళతళా మెరవాలి" అని యాసిడ్ పోయించి కడిగిస్తే అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. కుళాయి మీది క్రోము పూత నల్లబడి లేస్తుంది, టైల్స్ మధ్య సందుల్లో నింపిన సిమెంటు కరిగిపోతుంది, మార్బుల్ నేల మీద పడితే మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ చేయించాల్సిందే. పొర పోవడానికి వెనిగరులో ముంచిన గుడ్డ అరగంట చుట్టి ఉంచి, మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలు. వెనిగరు కూడా మార్బుల్ మీద పడకూడదు.

గీజరు గురించి ఎక్కువమంది గొడవపడతారు. ఉప్పు నీళ్లకి లోపలి ఎలిమెంటు మీద సున్నం గట్టిపడి, వేడి బయటికి పోలేక అది కాలిపోతుంది. మంచి గీజరుకైనా ఇది జరుగుతుంది. దీనికి కారణం నీళ్లు, మనుషులు కాదు. నా దృష్టిలో ఎలిమెంటు, థర్మోస్టాటు ఓనరు ఖర్చు. అయితే నమూనా చట్టం మాత్రం గీజరు రిపేర్లని వేరే ఒప్పందం లేకపోతే అద్దెకున్నవాళ్ల జాబితాలో పెట్టింది, అందుకే అగ్రిమెంటులో "ఇంత మొత్తం లోపు చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్లవి, ఆ పైన ఓనరువి" అని ఒక గీత గీసుకోవడం తెలివైన పని. ఏది ఏమైనా, ఎలిమెంటు పోయినందుకు కొత్త గీజరు ధర కోయడం కుదరదు. ఫ్యాను కూడా అంతే. నెమ్మదిగా తిరుగుతోందంటే చాలాసార్లు పోయింది లోపలి కెపాసిటరు, రెండున్నర మైక్రోఫారడ్‌ది, వంద రూపాయల లోపు వస్తువు. "ఫ్యాను పాడుచేశారు, 2,500" అన్న పద్దు లెక్కలో కనబడితే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కెపాసిటరు మార్పించి చూడండి.

వంటగదిలో మన వంటల గుర్తులు ఉంటాయి, అందులో దాపరికం లేదు. పోపుల నూనె చిమ్నీ జాలీకి పట్టి జిడ్డు కారుతుంటే, ఆ శుభ్రత పూర్తిగా అద్దెకున్నవాళ్ల పని. ఇల్లు చేరినప్పుడు శుభ్రంగా ఇచ్చి ఉంటే శుభ్రంగా తిరిగి ఇవ్వాలి, చేయకపోతే బిల్లు ప్రకారం కోత. తెల్ల క్వార్ట్జ్ మీద పసుపు మరక కొంతవరకు మామూలే, కాలిన గుండ్రటి మచ్చ మాత్రం వేడి మూకుడు నేరుగా దించినందువల్ల వచ్చిందే, అది నష్టం. గ్రానైటు పలక సింకు దగ్గర సన్నగా ఉంటుంది, కింద ఖాళీ. అక్కడ రోలు పెట్టి గోంగూర పచ్చడి దంచితే పగులు వస్తుంది. దంచడానికి పలక కింద గోడ ఆనుకుని ఉన్న చోటు వాడాలి, అంతకన్నా నేల మీద పెట్టుకోవడం నయం. అంచు పెచ్చు ఊడితే పలక మొత్తం మార్చనక్కర్లేదు, రంగు కలిపిన ఎపాక్సీతో (గట్టిపడే జిగురుతో) నింపి పాలిష్ చేస్తారు.

సింకు కింది కబోర్డు చూడండి. అక్కడి చెక్క ఉబ్బి, అంచులు విడిపోయి ఉంటే రెండు ప్రశ్నలు అడగాలి. చెక్క ఏది? చెక్కపొట్టు నొక్కి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అయితే కొద్దిపాటి తడికే ఉబ్బిపోతాయి, అలాంటిది సింకు కింద పెట్టడమే తయారీ లోపం. కారుతున్నట్టు అద్దెకున్నవాళ్లు చెప్పారా? మెసేజ్ ఉంటే ఖర్చు ఓనరుది. నెలల తరబడి బకెట్టు పెట్టుకుని గడిపేస్తే ఖర్చు చెరిసగం పంచుకోవడం సబబు. కబోర్డు తలుపు జారిందంటే ఎక్కువసార్లు పోయింది హింజ్ స్క్రూనే, సొరుగు ఇరుక్కుందంటే ఛానెల్ బేరింగే. అవి అరుగుదల కిందే లెక్క.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తాళంచెవి పోతే తాళం మొత్తం కాదు, చెవి దూరే లోపలి సిలిండరు మార్చిన ఖర్చు. గేటు కార్డు పోతే అసోసియేషన్ తీసుకునే రుసుము. దోమతెర పిల్లి చింపితే తెర ఖర్చు, వయసు తగ్గించి. చెద పట్టడం ఓనరుది. ఏసీకి మామూలు సర్వీసు అద్దెకున్నవాళ్లది, గ్యాస్ లీకు ఓనరుది. అద్దెకున్నవాళ్లు తమ డబ్బుతో పెట్టించుకున్న దోమతెరలు, పావురాల వల, వాటర్ ప్యూరిఫయరు, ఇన్వర్టరు తీసుకెళ్లొచ్చు, తీసినచోట రంధ్రాలు పూడ్చి ఇవ్వాలి. ఓనరు వాటిని ఉంచేయమంటే ఆ విలువ లెక్కలో కలపాలి. ఇది చాలామంది అడగరు. అడగండి.

బిల్లుల్లో పొరపాట్లు రెండు చోట్ల జరుగుతాయి. కరెంటు బిల్లుని అప్పగింత నాటి మీటరు రీడింగ్‌తో ముగించాలి. చివరి బిల్లు ఇంకా రాలేదంటే గత మూడు నెలల సగటు పట్టి ఆపుకోవాలి, బిల్లు వచ్చాక తేడా సర్దాలి. దానికోసం 10,000 ఆపేయనక్కర్లేదు. రెండోది, బెంగళూరు కరెంటు సంస్థ బెస్కాం అప్పుడప్పుడు బిల్లుతో పాటు అదనపు సెక్యూరిటీ డిపాజిట్ కట్టమంటుంది. అది ఆ కనెక్షన్ పేరు మీద ఉండిపోయే డబ్బు, అంటే ఓనరుది. అద్దెకున్నవాళ్లు కట్టి ఉంటే అది వాళ్లకి తిరిగి రావాలి, కోతలో రాకూడదు. ఆస్తి పన్ను, అసోసియేషన్ కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ మూలనిధి), లిఫ్టు మార్పించినందుకు వేసిన వాటా, ఇవీ ఓనరువే. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద అద్దెకున్నవాళ్లు తమ ఆధార్‌ని ఆ మీటరుకి జోడించి ఉంటే, వెళ్లేముందు తీయించుకోవాలి, లేకపోతే కొత్త ఇంట్లో వాళ్లకీ, ఈ ఇంట్లో చేరేవాళ్లకీ చిక్కే. పైపు గ్యాసు ఉంటే మీటరు రీడింగ్ ఫొటో, చివరి బిల్లు, కనెక్షన్ డిపాజిట్ ఎవరు కట్టారో చూసుకోవాలి.

ఇప్పుడు మన ఫ్లాటు లెక్క ముగిద్దాం. ఓనరు నుంచి వెళ్లాల్సిన మెసేజ్ ఇలా ఉండాలి:

"నమస్తే అండి. అడ్వాన్సు 1,50,000. అద్దె బకాయి లేదు. కరెంటు, రీడింగ్ ప్రకారం 1,140. అపార్ట్‌మెంట్ నీళ్లు, జనరేటరు 860. రెండు గోడలు 3,200, పెయింటరు రాసిచ్చిన రేటు పంపాను. గ్రానైటు అంచు ఎపాక్సీ 1,200. వంటగది, బాత్రూములు, చిమ్నీ శుభ్రం చేయించినందుకు 3,500, బిల్లు జతచేశాను. దోమతెర రెండు పలకలు 1,800, నాలుగేళ్ల ఆయుష్షులో 22 నెలలు మిగిలి ఉంది కాబట్టి 825. గేటు కార్డు ఒకటి 300. గీజరు ఎలిమెంటు, ఫ్యాను కెపాసిటరు నావి. మొత్తం కోత 11,025. మీకు రావాల్సింది 1,38,975. ఏదైనా తేడా అనిపిస్తే రేపటిలోగా చెప్పండి, ఎల్లుండి మీ ఖాతాకి పంపుతాను."

45,000 కాస్తా 11,025 అయింది. ఓనరుకి నిజంగా జరిగిన నష్టమంతా ఇందులో ఉంది, ఒక్క రూపాయి పోలేదు. బిల్లు ఇంకా రాని పనికి కొటేషన్ చాలు, కానీ పనివాడి పేరు, ఫోను నంబరు, ఏ పనికి ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. "లేబర్, మెటీరియల్ 10,000" అన్న ఒంటి పద్దు బిల్లు కాదు. ఓనరు తానే కూర్చుని గోడలు రుద్దుకుంటే కూలి అడగొచ్చు, పనివాడి రేటుకి మించకుండా.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి? తాళాలు, డబ్బు ఒకేసారి చేతులు మారడం మంచి పద్ధతి. కుదరకపోతే పెద్ద భాగం ఆ రోజే పంపి, వివాదం ఉన్న మొత్తం మాత్రమే ఏడు రోజులు ఆపాలి. ఐదు వేల దగ్గర తేడా ఉందని లక్షన్నర ఆపడం బలవంతం చేయడమే. "కొత్తవాళ్లు చేరి అడ్వాన్సు ఇచ్చాక మీకిస్తాను" అన్నది బెంగళూరులో బాగా వినబడే మాట. అడ్వాన్సుని ఇంటి లోన్లోనో, పెళ్లి ఖర్చులోనో కలిపేసుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఓనర్లకి నా విన్నపం ఒక్కటే, ఆ డబ్బుని విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేయండి. వడ్డీ మీకే, అసలు వాళ్లది. వెళ్లే రోజున వెతుక్కోనక్కర్లేదు. ఎప్పుడైనా బ్యాంకు ద్వారానే, "ఫలానా ఫ్లాటు అడ్వాన్సు వాపసు" అని రాసి పంపండి.

అద్దెకున్నవాళ్లు చేసే తప్పు కూడా చెప్పాలి. అడ్వాన్సు వెనక్కి రాదేమోనన్న భయంతో ఆఖరి రెండు మూడు నెలలు అద్దె కట్టకుండా "సర్దుకోండి" అంటారు. ఓనరు ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అది అద్దె ఎగవేతే. అప్పుడు గోడల గురించి మాట్లాడే హక్కు నోట్లోనే ఆగిపోతుంది. అద్దె నెలకి 50,000 దాటిన ఇళ్లల్లో ఇంకొక సంగతి, అద్దె మీద మీరు మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను, అంటే టీడీఎస్, ఇల్లు వదిలే నెల అద్దెలోంచి తీసి కట్టాలి. అది మరిచిపోతే తర్వాత మీ జేబులోంచే పోతుంది.

మాట తెగకపోతే ముందు లెక్క రాతలో అడగండి: "అంకుల్, కోసిన ఒక్కోదానికి ఫొటో, బిల్లు పంపండి. నేను చేరిన రోజు వీడియో ఇదిగో." చాలా గొడవలు ఈ మెసేజ్ దగ్గరే తగ్గిపోతాయి, ఎందుకంటే చేరిన రోజు వీడియో ఉందని అవతలివాళ్లకి అప్పుడే తెలుస్తుంది. పదిహేను రోజులు గడువిచ్చినా జవాబు లేకపోతే లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో. పోలీసు స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ తగాదా అని పంపించేస్తారు, అక్కడ సమయం పోగొట్టుకోకండి. జిల్లా న్యాయసేవల సంస్థ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకునే వీలుంది, ఖర్చు లేదు. ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి (తీర్పుకి) ఉండే విలువ ఉంటుంది. అదీ కాకపోతే సివిల్ కోర్టు. డబ్బు వసూలు దావాకి గడువు మూడేళ్లు. ఊరు మారిపోయి, ఉద్యోగంలో పడి ఈ మూడేళ్లూ దాటబెట్టేవాళ్లు చాలామంది. తాళాలు ఇచ్చిన తేదీ రాసిన మెసేజ్, అగ్రిమెంటు కాపీ, అడ్వాన్సు పంపిన బ్యాంకు వివరం, చేరిన రోజుదీ ఖాళీ చేసిన రోజుదీ వీడియోలు ఒకే ఫోల్డరులో పెట్టుకోండి. ఫోను మారేటప్పుడు ముందు దాన్ని కాపీ చేసుకోండి.